బడి పందిరికి ఏ పాదు మేలు?

మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే మన చిన్న బడుల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలోకి పరుగెడతారు. ముందు చేరినవారికి గోడ వార నీడ దొరుకుతుంది. వెనక వచ్చినవారు గట్టు మీద ఎండలోనే నాలుగు ముద్దలు మింగి లేస్తారు. ఒంటిపూట బడులప్పుడు పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన మామ్మలు, తాతలు గేటు దగ్గర కొంగో తువ్వాలో తలపై వేసుకుని నిలబడతారు. గుణుపురంలో, రాయగడలో మే నెల పదకొండు గంటల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

చెట్టు నాటమంటారు అందరూ. నాటాల్సిందే. కానీ ఒకటో తరగతి పిల్ల నాటిన వేపమొక్క పదిమంది కూర్చునేంత నీడ ఇచ్చేసరికి ఆ పిల్ల ఐదో తరగతి దాటి వేరే బడికి వెళ్లిపోతుంది. రేకుల షెడ్డు వేయాలంటే డబ్బు కావాలి. వేసినా నడినెత్తిన సూర్యుడున్నప్పుడు రేకు కాలి, ఆ వేడిని కిందికే దింపుతుంది. తీగ పాదు ఆకులు అలా కాలవు. నీటిని ఆవిరిగా వదులుతూ తమను తాము చల్లబరచుకుంటాయి. పైగా వానలో విత్తితే రెండు నెలల్లో పందిరి ఎక్కేస్తాయి. చిన్న బడికి, తక్కువ ఖర్చుకు, త్వరగా దొరికే నీడ పందిరే.

అయితే ఏ పాదు వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి అన్నది ముందే ఆలోచించాలి. నేను పనిచేసిన ఒక బడిలో ఆలోచించకుండా వేశాం. దాని ఫలితం కూడా చూశాం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రెండు జిల్లాలు, రెండు వాతావరణాలు

రాయగడ, కోరాపుట్ ఒకప్పుడు ఒకే జిల్లా. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. పాలన మాట అలా ఉంచితే, వాతావరణంలో ఈ రెండు పట్టణాలూ మొదటి నుంచీ వేరే. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. జయపురం సుమారు 600 మీటర్లు. నాగావళి ఒడ్డున ఉన్న రాయగడ 200 మీటర్లే. కిలోమీటరు ఎత్తు ఎక్కితే ఉష్ణోగ్రత దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని సైన్సు పాఠంలో చెబుతాం. ఆ లెక్కన రాయగడకూ కోరాపుట్‌కూ నాలుగైదు డిగ్రీల తేడా ఉంటుంది.

ఈ తేడా పందిరికి ముఖ్యం. రాయగడ, గుణుపురం, మునిగుడ వైపు బడులకు ఏడాదిలో ఎక్కువ నెలలు నీడే కావాలి. అక్కడ ఆకు రాలని, ఏళ్ల తరబడి ఉండే తీగ మంచిది. కోరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి, నందపూర్ బడుల సంగతి వేరు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో అక్కడ పిల్లలు ఎండ కోసం వెతుక్కుంటారు. అప్పుడు కూడా దట్టమైన పందిరి కప్పి ఉంటే బడి ముంగిలి చలిగుహ అవుతుంది. అలాంటి చోట వానాకాలంలో పెరిగి, చలి ముదిరేసరికి ఎండిపోయే పాదులు నప్పుతాయి. ఎండిన తీగ లాగేస్తే ఎండ దానంతట అదే లోపలికి వస్తుంది.

కాఫీ తోటలు చూసినవారికి ఈ నీడ లెక్క కొత్త కాదు. కోరాపుట్ కొండల్లో కాఫీ మొక్క సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరుగుతుంది. ఆ చెట్టునే పట్టుకుని మిరియాల తీగ పైకి పాకుతుంది. అక్కడ రైతు కొమ్మలు కొట్టేటప్పుడు ఎంత నీడ ఉంచాలి, ఎంత తీసేయాలి అని చూసుకుంటాడు. బడి పందిరికీ అదే చూపు కావాలి. మిరియాల తీగ మాత్రం పందిరికి పనికిరాదు. అది నీడ కోరుకునే తీగ. బడిలో పెద్ద చెట్టు ఉంటే దాని మొదట్లో నాటుకోవచ్చు.

సూర్యుడు ఏ వైపు నుంచి వస్తాడు?

పందిరి వేసే ముందు ముంగిట్లో ఒక కర్ర పాతండి. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం నాలుగు దాకా గంటకోసారి దాని నీడ కొన దగ్గర పిల్లలతో ఒక రాయి పెట్టించండి. ఒక్క రోజులో పందిరి ఎక్కడ వెయ్యాలో ఆ రాళ్లే చెబుతాయి. ఇది నాలుగు, ఐదు తరగతులకు మంచి పాఠం కూడా.

మన ప్రాంతానికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. దేశమంతటికీ గడియారం నిర్ణయించే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం జయపురానికి దగ్గరగా వెళుతుంది. కాకినాడ మీదుగా వెళుతుందని మనం చిన్నప్పుడు చదువుకున్నది ఆ గీతే. అందువల్ల మన ఊళ్లలో గడియారానికీ సూర్యుడికీ పెద్ద తేడా ఉండదు. గడియారంలో పన్నెండు అయితే సూర్యుడికీ ఇంచుమించు పన్నెండే.

రెండు జిల్లాల ప్రధాన పట్టణాలూ 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. మే నెల మధ్యలో ఒక రోజు, జులై చివరి వారంలో మరో రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణాన నీడే ఉండదు. జులైలో మబ్బు వల్ల కనిపించకపోవచ్చు గాని, మేలో తప్పక కనిపిస్తుంది. నడినెత్తి ఎండకు పైకప్పులాంటి పందిరి సరిపోతుంది.

అసలు చిక్కు మూడు గంటల తర్వాత మొదలవుతుంది. మే మధ్యలో మూడింటికి సూర్యుడు నేల నుంచి సుమారు 48 డిగ్రీల ఎత్తుకు, నాలుగింటికి 34 డిగ్రీలకు దిగుతాడు. ఎనిమిది అడుగుల ఎత్తు పందిరి వేశామనుకోండి. మూడింటికి దాని నీడ ఏడడుగులు తూర్పుకు జరుగుతుంది. నాలుగింటికి పన్నెండు అడుగులు జరుగుతుంది. పదడుగుల వెడల్పు పందిరి అయితే నాలుగు గంటలకు నీడంతా పందిరి బయట పడి ఉంటుంది! పైన ఎంత దట్టంగా తీగ అల్లుకున్నా కింద కూర్చున్నవారి ముఖాన ఎండే.

దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, పందిరికి పడమటి వైపు నిలువుగా దడి కట్టి దాని మీదికీ తీగ పాకించడం. రెండోది, పందిరిని తరగతి గదులకు పడమర పక్కన వేయడం. అప్పుడు మధ్యాహ్నం నీడ తూర్పుకు జరిగి, కాలే గోడ మీదే పడుతుంది. గది లోపల కూడా చల్లబడుతుంది. రెండోది కుదిరితే అదే మేలు.

చలికాలంలో లెక్క మారుతుంది. డిసెంబరు చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు వాలి 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కోరాపుట్ వైపు బడులు అందుకే పందిరికి దక్షిణాన కొంత ఖాళీ జాగా ఉంచుకోవాలి. చలి రోజుల్లో పిల్లలు అక్కడ కూర్చుంటారు.

కూలిన పందిరి నేర్పిన పాఠం

ఇక మా బడి సంగతి. మేం పచ్చి వెదుళ్లు తెచ్చి, గోతులు తీసి, నేరుగా మట్టిలో పాతాం. పైన సన్న కర్రలు అడ్డంగా కట్టి, నాలుగు మూలలా ఆనప గింజలు వేశాం. వానలు బాగా పడ్డాయి. ఆగస్టు నాటికి పందిరి నిండింది. పిల్లలు, మేం, చూడవచ్చిన తల్లిదండ్రులు అందరం మురిసిపోయాం. అక్టోబరులో ఒక రాత్రి గాలివాన వచ్చింది. తెల్లవారి వెళ్లి చూస్తే పందిరి నేల మీద ఉంది. మట్టిలో ఉన్న వెదురు మొదళ్లను చెద తినేసింది. పైన తడిసిన తీగ, కాయలు కలిసి ఎంత బరువో మేం ఊహించలేదు. రాత్రి కాబట్టి సరిపోయింది. అదే మధ్యాహ్నం భోజనం వేళ అయితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మన ప్రాంతానికి అక్టోబరు గండం కొత్త కాదు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ కొండలెక్కి మన జిల్లాల దాకా వచ్చాయి. తిత్లీ తెచ్చిన వరదను గుణుపురం వైపు వాళ్లు మరచిపోలేదు. సరిగ్గా ఆ నెలకే వానాకాలపు పాదులు బాగా బరువెక్కి ఉంటాయి. అందుకే పందిరి వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

గుంజలు: ఇనుప గొట్టాలు గాని, సిమెంటు స్తంభాలు గాని వాడితే మంచిది. రెండడుగుల లోతున కాంక్రీటులో నిలపాలి. వెదురే వాడాలంటే పచ్చిది వద్దు. రెండు మూడు వారాలు నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టిన ముదురు వెదురు తీసుకోండి. మొదలు మట్టికి తగలకుండా సిమెంటు దిమ్మలో బిగించిన ఇనుప పట్టీకి బోల్టులతో బిగించండి. గుంజకూ గుంజకూ మధ్య ఆరేడు అడుగులకు మించకూడదు.

కొలత: పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు పందిరి కింద పాతికమందికి పైగా పిల్లలు కూర్చుని తినగలరు. ఎత్తు ఎనిమిది అడుగులు ఉండాలి. కాయలు కిందికి వేలాడతాయి కదా, పెద్దవారి తలకు తగలకూడదు.

పై అల్లిక: దళసరి జీఐ వైరును అడుగున్నర గళ్లుగా లాగి కట్టండి. నైలాన్ వలలు వద్దు. పాములు, పక్షులు వాటిలో చిక్కుకుంటాయి. పందిరి మీద చిక్కుకున్న పామును పిల్లల మధ్య విడిపించడం ఎవరి తరం?

కట్టుదిట్టం: నాలుగు మూలలకూ ఏటవాలుగా తన్నులు పెట్టించండి. సెప్టెంబరు చివరలో కాపు అయిన తీగను కత్తిరించి బరువు తగ్గించండి. తుఫాను హెచ్చరిక వస్తే పందిరి కిందికి ఎవర్నీ పంపకండి.

పాదుల ఎంపిక

బడి పందిరికి తీగ ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంత నీడ ఇస్తుంది? సెలవుల్లో నీళ్లు లేకపోతే బతుకుతుందా? ముల్లు, విషం, దురద ఉన్నాయా? వంటకు పనికొస్తుందా?

ఆనప: ఆకు పెద్దది, నీడ దట్టం. జూన్‌లో తొలి వానకు విత్తితే ఆగస్టుకు పందిరి నిండుతుంది. ఒక పందిరికి రెండు పాదులు చాలు. మేం నాలుగు వేసి బరువు పెంచుకున్నాం. వంటకు ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే ఆ కాయను పారేయాలి. చేదు ఆనపలో ఆరోగ్యానికి హాని చేసే పదార్థాలుంటాయి. ఉడికించినా పోవు. ఈ మాట వంట చేసేవారికి తప్పక చెప్పండి.

బీర, కాకర, పొట్ల: నీడ మధ్యస్తం. బరువు తక్కువ. పొట్ల మూడు నాలుగు అడుగులు వేలాడుతుంది కాబట్టి పందిరి అంచున వేయాలి. కాయ వంకర పోకుండా కొసకు చిన్న రాయి కట్టే పని పిల్లలకు అప్పగిస్తే ఆ పాదు జోలికి ఎవరినీ రానివ్వరు.

పందిరి చిక్కుడు: జూన్, జులైల్లో విత్తితే ఆగస్టు నుంచే ఆకు కమ్ముతుంది. పగలు తగ్గి రాత్రులు పెరిగాకే పూస్తుంది. కాబట్టి కాపు చలికాలంలో. అన్ని పాదులూ ఎండిపోయాక భోజనంలోకి కూర ఇచ్చేది ఇదే.

దొండ: రాయగడ, గుణుపురం బడులకు నా ఓటు దీనికే. ఒకసారి నాటితే కొన్నేళ్లు ఉంటుంది. గింజతో పని లేదు. బాగా కాసే తీగ నుంచే పెన్సిలు మందం కొమ్మ ముక్కలు తెచ్చి గుచ్చాలి. ఎండకు కొంత వాడినా మొదలు చావదు. చలికి కాస్త మందగించి మళ్లీ ఎండలు మొదలయ్యేసరికి చిగురిస్తుంది.

తీగబచ్చలి: దడి మీదికి బాగుంటుంది. పడమటి వైపు నిలువు దడికి ఇది వేస్తే ఆకు కోసుకున్న కొద్దీ చిగురిస్తుంది. పప్పులోకి ఎప్పుడూ సిద్ధం.

బెంగళూరు వంకాయ, పాషన్ ఫ్రూట్: ఈ రెండూ చల్లని ఎత్తు ప్రదేశాలకు నప్పుతాయి. కోరాపుట్, పొట్టంగి, నందపూర్ బడులు ప్రయత్నించవచ్చు. రాయగడ వేడికి అంత బాగా రావు.

రాధామనోహరం: కూర ఇవ్వదు గాని నీడ ఇస్తుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు మారుతుంది. ఒకసారి నిలదొక్కుకుంటే వేసవి సెలవులను తట్టుకుంటుంది. ఏటా కత్తిరించకపోతే మోపులా పెరుగుతుంది. పాత కొమ్మల మీద రాలిన ఆకుల తొడిమలు ముళ్లలా మిగులుతాయి కాబట్టి పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంచకండి.

జాజి, శంఖుపుష్పం: గేటు మీది చిన్న పందిరికి చాలు. పెద్ద నీడ ఆశించవద్దు. కాగితంపూల చెట్టు నీళ్లు లేకపోయినా బతుకుతుంది గాని ముళ్లు ఎక్కువ. ప్రహరీ మీదికి సరే, పిల్లలు కూర్చునే చోటికి వద్దు.

బడిలో అసలు వద్దనుకోవాల్సినవి: గురివింద, అడవినాభి, గన్నేరు జాతులు, అలమండ, దూలగొండి. గురివింద గింజ ఎర్రగా ముద్దుగా ఉంటుంది, నమిలితే ప్రాణానికే ముప్పు. అడవినాభి పువ్వు అందానికి మోసపోకండి, దాని దుంప విషం. పసుపుపచ్చ పూల అలమండ పాలు తగిలితే చర్మం మండుతుంది. దూలగొండి కాయ నూగు దురద అందరికీ తెలిసిందే.

నీళ్లు ఎక్కడివి? సెలవుల్లో ఎవరు పోస్తారు?

తొమ్మిది నెలలు పెంచిన తీగ నెలన్నర సెలవుల్లో చచ్చిపోవడం బడి తోటలన్నిటికీ ఉన్న జబ్బే. దీనికి మందు ముందే వేసుకోవాలి.

భోజనం తర్వాత పిల్లలు చేతులు, పళ్లేలు కడిగే నీటిని చిన్న కాలువ తీసి పాదులకు మళ్లించండి. అరవైమంది పిల్లలు తలా అర లీటరు వాడితే రోజుకు ముప్ఫై లీటర్లు. నాలుగు పాదులకు అది చాలు. అన్నం మెతుకులు పోకుండా కాలువ మొదట్లో జల్లెడ పెట్టాలి. పాదులో నీరు గంటల తరబడి నిలవకూడదు. మలేరియా మనకు తెలియని జబ్బు కాదు.

పాదు గుంట అడుగున్నర లోతు, అంతే వెడల్పు తీసి, గెత్తం, చెరువు మట్టి కలిపి నింపండి. కోరాపుట్ ఎర్ర నేలల్లో చాలాచోట్ల ఆమ్ల గుణం ఎక్కువ. గుప్పెడు పొయ్యి బూడిద కలిపితే మంచిది. పైన ఎండుటాకులు కప్పితే తడి ఆరదు. కానీ ఆ ఆకులు పిల్లలు కూర్చునే చోటిదాకా పరచవద్దు. తేళ్లు చేరతాయి. రోజూ ఉదయం పందిరి కింద ఊడ్చి, పైన కందిరీగల తుట్టె ఏమైనా ఉందేమో చూడటం అలవాటు చేసుకోవాలి. పురుగు పడితే వేప కషాయం చాలు. పిల్లలు తినే చోట మందులు కొట్టవద్దు.

సెలవుల్లో నీళ్లకు మేం మొదటి ఏడాది వంతులు వేశాం. రెండు వారాల తర్వాత ఎవరూ రాలేదు. రెండో ఏడాది బడి పక్కింటి మామ్మను అడిగాం. ఆవిడ ఒకే మాట అంది: “కాయలు నేను కోసుకోవచ్చా మేస్టారూ?” కోసుకోమన్నాం. ఆ వేసవిలో ఒక్క పాదూ ఎండలేదు. అంతేకాదు, మేం తాళ్లు కట్టి తీగలు ఎక్కించడానికి తంటాలు పడుతుంటే, “తాడు మీదికి గాలికి నిలవదు, మొదట్లో ఎండు కంప పెట్టండి, అదే పట్టుకుని పాకుతుంది” అని చెప్పిందీ ఆవిడే.

మొదటి వేసవికి తీగ అందుకోదు. అందుకు తొందరపడి దొరికిన తీగల్లా నాటకండి. ఇప్పుడు గుంజలు నిలిపి, ఈ వేసవికి తాటాకు గాని కొబ్బరి మట్టలు గాని కప్పి చలువపందిరిగా వాడుకోండి. వంట పొయ్యికి దూరంగా ఉండాలన్నది మరవకండి. వానలు పడగానే విత్తితే, వచ్చే వేసవికి దొండ, రాధామనోహరం తాటాకు స్థానంలోకి వస్తాయి.

పందిరి కింద తెలుగు

ఈ పేజీ చదివేవారికి పందిరి వల్ల నీడతో పాటు మరో మేలు ఉంది. మా బడిలో ఒక మూడో తరగతి పిల్ల పరీక్షలో బొమ్మ కింద “ఆనపకాయ” అని రాసింది. పుస్తకంలో “సొరకాయ” అని ఉంది. నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ పిల్ల తరగతిలో నోరు విప్పలేదు. పందిరి వేశాక ఒక రోజు పాదు దగ్గర నిలబడి మెల్లగా అడిగింది: “మేస్టారూ, దీన్ని మా ఇంట్లో ఆనపనే అంటారు. తప్పా?” తప్పు నాది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి మన జిల్లాల దాకా ఇళ్లల్లో మాట్లాడుకునే మాట ఆనపే. రెండూ తెలుగే. ఇంటి మాటను బడి తప్పంటే, పిల్ల ఇంటి మాటనూ వదిలేస్తుంది, బడి మాటనూ వదిలేస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. హద్దులు మారినా ఇళ్లలో తెలుగు మిగిలింది. ప్రాథమిక స్థాయిలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 1956 సవరణతో అది రాజ్యాంగంలోకి వచ్చింది. హక్కు కాగితం మీద ఉంది. పిల్ల నోట్లో మాట ఉంటేనే ఆ హక్కుకు అర్థం.

పందిరి ఆ మాటలకు మంచి చోటు. పాదు, తీగ, నులితీగ, మొగ్గ, పిందె, దడి, గుంజ, కంప - ఈ మాటలు నల్లబల్ల మీద రాస్తే ఒక రోజు గుర్తుంటాయి. చేత్తో పట్టుకుని పలికితే పోవు. ఆనప, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటుంది. మొదట వచ్చేవన్నీ మగపూలే, అందుకే పిందె పడదు. ఆడపువ్వు కింద చిన్న పిందె ముందే ఉంటుంది. ఇవన్నీ పిల్లలే చూసి తెలుగులో రెండేసి వాక్యాలు రాయగలరు.

ప్రతి పాదు దగ్గర ఒక పలక పెట్టండి. తెలుగు పేరు, కింద ఒడియా పేరు. ఆనపకు లావు, బీరకు జహ్ని, కాకరకు కలరా, దొండకు కుందురి, చిక్కుడుకు శింబ, బచ్చలికి పోయి. ఇక్కడొక తమాషా ఉంది. సంతలో “పొట్ల” అనబోయి “పొటల” అంటే దుకాణదారు పర్వల్ కాయలు తూచి ఇస్తాడు. ఒడియాలో పొటల అంటే అదే. మన పొట్లకాయను వాళ్లు ఛచింద్రా అంటారు. ఇలాంటి తేడాలు పిల్లలకు నవ్వు తెప్పిస్తాయి, రెండు భాషల్నీ నేర్పుతాయి. మీ బడిలో కువి, దేశియా మాట్లాడే పిల్లలుంటే ఆ పేర్లు వాళ్లనే అడిగి రాయించండి. పందిరి కింద ఎవరి మాటా చిన్నది కాదు.

ఒక్క ఆనపకాయనైనా కోయకుండా ముదరనివ్వండి. వచ్చే ఏటికి గింజలు వస్తాయి. లోపల గుజ్జు తీసి ఆరబెడితే బుర్ర అవుతుంది. కొండ పల్లెల్లో ఆ బుర్రలనే నీళ్లకు, అంబలికి వాడతారని పిల్లలు కళ్లారా చూస్తారు. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. తరతరాలుగా గింజ దాచుకున్న ఇక్కడి రైతుల పనికి అది గౌరవం. మన బడిలో దాచే నాలుగు ఆనప గింజలు కూడా ఆ పనిలో భాగమే.

ఇప్పుడేం చేయాలి?

మధ్యాహ్న భోజన పథకం కింద బడి పెరళ్లకు కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల నిర్వహణ కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కాబట్టి ఈ విషయం కమిటీ ముందు పెట్టాల్సింది మీరే. ఇనుప పని తెలిసిన తండ్రి ఒకరు, దొండ కొమ్మలు ఇవ్వగల తల్లి ఒకరు, గెత్తం బండి తోలగల తాత ఒకరు ప్రతి బడికీ ఉంటారు. అడిగేవారే ఉండరు.

సమావేశంలో మూడు సంగతులు తేల్చుకోండి. పందిరి ఏ వైపు? ఏ పాదులు? సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారు? మొదటి రెండింటికీ కర్ర నీడ, ఈ వ్యాసం కొంత సాయం చేస్తాయి. మూడో దానికి మాత్రం బడి పక్కింటి తలుపు తట్టాలి. కాయలు ఎవరు కోసుకోవచ్చో ముందే చెప్పండి. ఆ పాదు మాత్రం ఎండదు.